తరమునకొక్కసారి కాచు వెదురు

వంశమను మాటకు సంస్కృతమున రెండర్థములు కలవు. ఒకటి వెదురు, రెండవది కులపరంపర. కణుపు మీద కణుపుగా సాగు వెదురును చూచినవారికి, తండ్రి తరువాత కొడుకుగా సాగు సంతతి జ్ఞప్తికి వచ్చుట సహజమే. పోలిక బాగున్నది. కాని ఆ పోలికలో ఇమడని విశేషమొకటి వెదురునందున్నది. మన సీమలలో పెరుగు ముఖ్యమైన వెదురు జాతులు జీవితకాలములో ఒక్కసారి మాత్రమే పూచి, ఒక్కసారి మాత్రమే కాచి, ఆ కాపుతోనే ఎండిపోవును. వాన పడి గింజ మొలచునాటికి తల్లిపొద నిలువునా వాడిపోయి యుండును.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో ఇంటి పెరటిలోనో, బడి ఆవరణములోనో విత్తనమునుండి వెదురును పెంచదలచువారు మొదట గ్రహింపవలసిన సంగతి ఇదియే. మామిడి టెంక, చింతపిక్క, వేపగింజ ఏటేట దొరకును. వెదురు గింజ అట్లు దొరకదు. దొరకినపుడు విత్తక జారవిడిచినవాడు మరల అదే అడవిలో అదే జాతి గింజ కొరకు తన పిల్లలు పెద్దవారగునంతవరకు కాచుకొనవలసి రావచ్చును.

ఈ పడమటి సీమ వెదురు పుట్టిన నేల కాదు. ఆదోని చుట్టును నల్లరేగడి. అందు ప్రత్తి, జొన్న, శనగ. గుట్టల పాదముల ఎఱ్ఱనేల. అందు వేరుశనగ, కొర్ర, ఆముదము. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 670 మిల్లీమీటర్లు. పడమటి మండలములలో అంతకును తక్కువ. తుంగభద్ర దిగువ కాలువ పారినంత మేర పచ్చదనము కనబడును. అది దాటినచో మరల మెట్టయే. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడునంతవరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో నుండెడిది. ఆనాడు కర్నూలులో చేరినది. దానితో తూర్పున నల్లమల కొండలమీది వెదురడవి ఆదోనివారికి సొంత జిల్లా అడవి యైనది. 2022 ఏప్రిల్ నెలలో నంద్యాల వేరు జిల్లాగా ఏర్పడుటతో ఆ బంధుత్వమును చాలవరకు తెగినది. కాగితము మీది హద్దులు ఎట్లు మారినను రోడ్డు మీది దూరము మాత్రము మారలేదు. ఆదోనినుండి నల్లమలకు 150 కిలోమీటర్లకు పైమాటే.

పుట్టని చోట దాని అవసరము లేదనుకొనరాదు. ప్రత్తి ఏరుటకు గంప, ధాన్యము చెరుగుటకు చేట, ఎరువు మోయుటకు తట్ట, పెండ్లికి పందిరి, చివరకు పాడె కూడ వెదురుతోనే. వీనిలో గంపలు, చేటలు, తట్టలు అల్లువారు మేదరులు. ఎమ్మిగనూరు మగ్గముల ఊరు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో ఏర్పడిన చేనేతవారి సహకార సంఘము ఆ ఊరికి పేరు తెచ్చినది. సోమప్పగారికి 1954లో పద్మశ్రీ లభించినది. నేతగాని పనిముట్లలో వెదురుకు దక్కిన స్థానమును చిన్నది కాదు. పడుగు దారములను వేరు వేరుగా నిలిపి, పేక పోగును దగ్గరకు కొట్టు దువ్వెనవంటి సాధనమును పన్నె అనియు, అచ్చు అనియు పిలుతురు. ఉక్కు పన్నెలు రాక పూర్వము ఆ దువ్వెన పళ్ళను వెదురు చీలికలతోను, రెల్లుతోను చేసెడివారు. గోటి మందము కూడ లేని ఆ చీలికలలో ఒక్కటి విరిగినను గుడ్డమీద చార పడును. బట్ట నాణ్యమును నేతగాని చేతినిబట్టియే కాక, అడవిలో పెరిగిన గడ్డిపుల్ల సన్నదనమునుబట్టియు ఎంచవలసిన కాలమది.

గడ్డిపుల్ల యనుట అతిశయోక్తి కాదు. ఎంత ఎత్తు పెరిగినను వెదురు చెట్టు కాదు, గడ్డి. జొన్న, కొర్ర, వరి, చెఱకు దీని దాయాదులే. జొన్నచేనులో పెరిగిన పిల్లవానికి వెదురును పరిచయము చేయుటకు వేరు పాఠ్యపుస్తకము అక్కరలేదు. దంటుకు కణుపులు, కణుపువద్ద ఆకును అంటిపెట్టుకొని యుండు తొడుగు, పీచువేళ్ళు, ఒకే పప్పు గల గింజ, ఇవన్నియు ఆ చేనులోనే కనబడును. వృక్షశాస్త్రజ్ఞులు గడ్డి యని చెప్పుచుండగా చట్టము మాత్రము చాలకాలము వినలేదు. 1927 నాటి భారత అటవీచట్టము వెదురును చెట్ల జాబితాలో చేర్చినది. అందుచేత సొంత పొలములో పెంచిన వెదురును కొట్టుటకును, తరలించుటకును పలుచోట్ల అనుమతి పత్రములు కావలసి వచ్చెడిది. 2017లో జరిగిన సవరణతో అడవి కాని భూములలోని వెదురు ఆ జాబితానుండి తొలగినది. గడ్డిని గడ్డి యని ఒప్పుకొనుటకు 90 సంవత్సరములు పట్టినది.

తెలుగునాట అడవులలో విరివిగా కనబడునవి రెండు జాతులు. మొదటిది సాధన వెదురు. బొంగు సన్నము, లోపల గుల్ల తక్కువ, ఒక్కొక్కచోట పూర్తిగా గట్టి. లాఠీలకు, పనిముట్ల పిడులకు ఇది శ్రేష్ఠము. ఎండకు, నీటి కరవునకు ఓర్చునది. రెండవది ముళ్ళవెదురు. ఏటివాలులలో, తేమగల లోయలలో, వంకర ముళ్ళతో దుర్గమైన పొదగా పెరిగి ఆకాశమునంటును. ఆదోని వంటి మెట్టసీమకు మొదటిదే తగినది. రెండవది పెరటిలో వేసికొన్నవారు కొన్నియేండ్లకు ఆ పెరటిలో అడుగు పెట్టజాలరు.

సాధన వెదురు సాధారణముగా 25 మొదలు 45 ఏండ్లకు, ముళ్ళవెదురు సుమారు 30 మొదలు 45 ఏండ్లకు మూకుమ్మడిగా పూచును. సాధన వెదురులో అక్కడొకటి, ఇక్కడొకటిగా కొన్ని పొదలు నడుమ నడుమ పూచుటయు కలదు. విత్తనము వెదకువారికి అదియే ఆధారము. పూత వచ్చు ఏడు పొదలో క్రొత్త పిలకలు లేవవు. ఆకు రాలి, బొంగులు కొనలవరకు పూగుత్తులతో నిండి, దూరమునకు గడ్డివామువలె కనబడును. వేసవిలో గింజ పండి రాలును. పొట్టుతో నున్నపుడు సన్న వడ్లవలెను, పొట్టు తీసినపుడు గోధుమవలెను ఉండు ఈ గింజకే వెదురు బియ్యమని పేరు. సాధన వెదురు గింజలు కిలోకు దాదాపు 30,000 తూగును.

ఈ బియ్యము కరవుకాలమున ప్రాణములు నిలిపిన కథలు కలవు. 1864లో ఉత్తర కన్నడ ప్రాంతపు సూపా అడవులలో వెదురు మూకుమ్మడిగా పూచినపుడు, ధార్వాడ, బెళగాము జిల్లాలనుండి సుమారు 50,000 మంది గింజ ఏరుకొనుటకు వచ్చిరని నాటి అంచనా. ధార్వాడ నేల కూడ ఆదోని నేలవలె నల్లరేగడియే; వానలను నమ్ముకొన్న జొన్న, ప్రత్తి సీమయే. మెట్ట జనులు గంపలు నెత్తిన పెట్టుకొని అడవికి నడచిపోయిన ఆ దృశ్యమును ఊహించుకొన్నచో, వెదురు గింజ ఎంతటి వస్తువో తెలియగలదు. అదే గింజ వేరొకచోట శాపమైనది. నేటి మిజోరం కొండలలో వేరొక వెదురు జాతి సుమారు 48 ఏండ్లకొకసారి పూచును. ఆ కాపును తిని ఎలుకలు లెక్కకు మిక్కిలిగా పెరిగి, అది ముగిసిన పిదప వరిచేలపై పడును. 1959 నాటి పూత వెనుక వచ్చిన కరవు అచ్చటి రాజకీయములనే మార్చినది. కరవు సహాయమునకై వెలసిన సంఘమే 1961లో మిజో జాతీయ కూటమిగా మారి, తరువాత సాయుధ పోరాటమునకు దిగినది. 1986లో గాని శాంతి ఒప్పందము కుదరలేదు. మరల 2006, 2007 సంవత్సరములలో అదే వెదురు పూచినది.

ఎందుకిట్లు అన్నియు ఒకేసారి కాచును? 1976లో అమెరికా శాస్త్రజ్ఞుడు డానియల్ జాన్జెన్ చెప్పిన సమాధానము విద్యార్థులకు రుచించును. ఏటేట కొంచెము కొంచెముగా కాచినచో ఎలుకలు, పక్షులు, అడవికోళ్ళు అంతయు తినివేయును. తరమునకొక్కసారి అడవి యంతయు ఒక్కుమ్మడిగా కాచినచో తినువారు ఎంత తిన్నను తరగక కొంత మిగులును. ముందుగానో, ఆలస్యముగానో పూచిన పొద గింజ అంతయు తినువారి పాలగును. అందుచేత కాలక్రమమున అందరితో పాటు పూచునవియే మిగిలినవి. అయితే ఆ ఏండ్లను మొక్క ఎట్లు లెక్కపెట్టుకొనుచున్నదో ఇంకను పూర్తిగా తేలలేదు.

ఆ లెక్క వలన పెరటి పెంపకమునకు కలుగు ఫలితమొకటి యున్నది. వెదురును విత్తనము లేకయే పెంచవచ్చును. ముసలి పొదనుండి దుంపతో కూడిన పిలకను తవ్వి తెచ్చి నాటుట అందరు ఎరిగిన పద్ధతి. పని తొందరగా తెమలును. కాని ఆ పిలక వయస్సు నాటిననాటినుండి మొదలు కాదు. అది తల్లిపొద వయస్సునే మోసికొని వచ్చును. తల్లి 30 ఏండ్లదైనచో పిలకయు 30 ఏండ్లదే. తల్లి పూచినపుడు ఎక్కడ ఎంత దూరమున నున్నను అదియు పూచి చచ్చును. జపానులో మదాకె అను వెదురు సుమారు 120 ఏండ్లకు పూచును. 1960 దశకము చివర అది పూచినపుడు, ఎప్పుడో ఇంగ్లండుకును అమెరికాకును తరలిపోయిన మొక్కలును దాదాపు అదే సమయమున పూచినవి. సముద్రములు దాటినను పుట్టినింటి పంచాంగము తప్పలేదు. విత్తనమునుండి పుట్టిన మొక్క సంగతి వేరు. దాని ఆయుస్సు మొదటినుండి మొదలగును. పిలకను నాటినవాడు పాతికేండ్ల పొదను ఆశించి అయిదేండ్లకే ఎండుగడలను చూడవలసి రావచ్చును. తల్లిపొద వయస్సు తెలియనపుడు విత్తనమునకు సాటి లేదు.

ఇక విత్తనము సంపాదించుట. నల్లమలలో అధిక భాగము నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యము. అనుమతి లేక అందు గింజ ఏరుట నేరము. అటవీశాఖ నర్సరీలను, వ్యవసాయ విజ్ఞాన కేంద్రములను అడిగి, ఏ ఏడు ఏ అడవిలో రాలిన గింజయో చెప్పగలవారివద్ద తీసికొనుట మేలు. ఎమ్మిగనూరు వారికి బనవాసి కృషి విజ్ఞాన కేంద్రము దగ్గరలోనే యున్నది. ఆకర్షకమైన పొట్లములలో నల్ల వెదురు, నీలి వెదురు, పసుపు వెదురు అని అమ్ము గింజలను కొని మోసపోవువారు తక్కువ కాదు. నీలి వెదురు గింజయనుచు వచ్చినది ఏ గడ్డి గింజయో మొలచినదాక తెలియదు, మొలచుటయు అరుదు. అసలు గింజయే యైనను వెదురు విత్తనమునకు ఓపిక లేదు. మామూలు గదిలో ఉంచినచో కొద్ది నెలలలోనే మొలకశక్తి ఉడుగును. ముళ్ళవెదురు గింజ ఇంకను త్వరగా చచ్చును. నలుబది ఏండ్లు కాచుకొని కన్న గింజ నాలుగైదు నెలలు కూడ నిలువలేకపోవుట వెదురు వింతలలో ఒకటి. పొట్లము మీద గింజ రాలిన నెల, సంవత్సరము లేనిచో దానిని కొనకుండుటయే లాభము.

గింజ వేసవి చివర రాలును. బడులు జూన్ నెలలో తెరతురు. ఈ రెండును కలిసివచ్చుట ఉపాధ్యాయులకు అనుకూలము. గింజలను చేటలో చెరిగి తాలు తీసివేయవలెను. పిదప ఒక రోజు నీటిలో నానవేసి, పైకి తేలినవానిని పారవేయవలెను. తరగతిలో ముప్పదిమంది పిల్లలున్నచో తలకు పది గింజలిచ్చి, ఎన్ని తేలినవో, ఎన్ని మునిగినవో, మునిగినవానిలో ఎన్ని మొలచినవో వ్రాయించినచో శాతముల లెక్క తనంత తాను వచ్చును.

ఆదోని వారికి అసలు చిక్కు మట్టివద్ద వచ్చును. ఇంటిముందున్న నల్లరేగడిని కుండలో నింపి గింజ వేసినవారిలో పలువురు, వెదురు ఈ సీమలో మొలవదని తీర్మానించుకొందురు. తప్పు గింజది కాదు. నల్లరేగడి తడిసినచో బంక, ఆరినచో పెంకు. లేత మొలక ఆ పెంకును చీల్చుకొని రాలేదు. తడి నిలిచినచో వేరు కుళ్ళును. గుట్ట పాదముల ఎఱ్ఱమట్టి, వంక ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి, అడుగున చిల్లులున్న తొట్టెలో గాని, చెక్కపెట్టెలో గాని నింపవలెను. గింజను వ్రేలి గోరంత లోతున వేసి, మీద పలుచగా మట్టి జల్లి, వరిగడ్డి కప్పవలెను. ఉదయము, సాయంకాలము పూలకుండీకి పోయునట్లు చిలకరించినచో చాలును. చీమలు, ఉడుతలు, పిచ్చుకలు, ఎలుకలు ఈ గింజను కనుగొనుటలో మిక్కిలి నేర్పరులు. అడవిలోనైనను ఇంటిలోనైనను వానికిది విందే. పెట్టె కాళ్ళను నీటి పళ్ళెములలో నుంచి, పైన సన్న వల కప్పుట మంచిది.

మంచి గింజ వారము మొదలు రెండు వారములలో మొలచును. మొదట సూదివంటి ఆకుమొన, చూచుటకు వరినారే. గడ్డి మొలచినదని పీకివేయబడిన వెదురు మొక్కలెన్నో! ఈ దశలో పిల్లలు వరుసలను జాగ్రత్తగా చూచినచో, నూటికి ఒకటో రెండో మొలకలు పాలవలె తెల్లగా లేచుట కనబడవచ్చును. అవి చూచుటకు ముచ్చటగా నుండును గాని బ్రతుకవు. ఆకుపచ్చని పదార్థము లేనందున ఎండనుండి ఆహారము తయారు చేసికొనజాలక, గింజలోని నిలువ అయిపోగానే, కొన్ని దినములలో వాలిపోవును. ఆకు వంట చేయునను పాఠమునకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము దొరకదు. పిల్లలు కొందరు ఆ తెల్లమొలకకే ఎక్కువ నీరు పోసి బ్రతికింపజూతురు, పోయనిచ్చుటయే మేలు.

మూడు నాలుగు ఆకులు వేసిన పిదప ఒక్కొక్క మొక్కను వేరు సంచిలోనికి మార్చి, చెట్టునీడనో, తాటాకు పందిరి క్రిందనో ఉంచవలెను. మార్చు వేళ వేరు చుట్టునున్న మట్టి రాలకుండ చూడవలెను. తరువాత జరుగునది చిత్రము. వేపమొక్క వలె మొదటి కాడయే లావెక్కి మ్రాను కాదు. వెదురు గడ ఏ లావున నేలనుండి లేచునో ఆ లావుననే జీవితమంతయు ఉండును. ఆ తరువాత ఒక్క నూలు కూడ లావెక్కదు. మొదటి కాడ చీపురుపుల్ల. దాని ప్రక్కనుండి లేచు రెండవది అంతకు కొంచెము లావు, కొంచెము ఎత్తు. మూడవది ఇంకను ఎక్కువ. పెద్దది యగునది గడ కాదు, నేలలోని దుంప. మొదటి రెండు మూడేండ్లు పైకి పెరుగుదల కనబడక పలువురు విసుగుచెందుట ఇందువలననే. ఎన్ని పిలకలు లేచెనో, ఏ నెలలో లేచెనో, వాని చుట్టుకొలత ఎంతయో వ్రాసికొనినవారు మాత్రము విసుగుచెందరు.

మొలక కొన్ని నెలలలో మూడు నాలుగు పిలకలు వేసిన పిదప, ప్రతి పిలకకును వేరు, దుంపమొగ్గ ఉండునట్లు జాగ్రత్తగా విడదీసి వేరువేరుగా నాటుకొనవచ్చును. గింజ కొరవగా నున్నపుడు అటవీ పరిశోధకులు ఈ ఉపాయముతోనే మొక్కలను పెంచుదురు. పది మొలకలు దక్కిన బడి మరుసటి ఏటికి ముప్పది ఇండ్లకు పంచగలదు.

నేలలో నాటుట రెండవ ఏట, నాలుగు వానలు పడి భూమి లోతుగా తడిసిన పిదప. మూడడుగుల గొయ్యి తీసి, నల్లరేగడి ఐనచో దానిలో ఇసుకయు, ఎరువును ధారాళముగా కలిపి, నీరు నిలువని మిట్టగా పూడ్చవలెను. ఇంటి గోడకు, బావి ఒరకు, కాలువ గట్టుకు కనీసము పది పదునైదడుగుల ఎడము ఉండవలెను. స్నానపు నీరు, పాత్రలు కడిగిన నీరు పారు చోటు ఈ కరవుసీమలో మిక్కిలి అనుకూలము. తొలి రెండు వేసవులు ఆ మాత్రపు తడి అందినచో సాధన వెదురు పిదప తన వేరును తానే చూచుకొనును. మేకలకును, ఆవులకును లేత వెదురాకు ప్రియమైన మేత కావున ముళ్ళకంప నాటక తప్పదు. నాలుగైదు వానకాలములు గడచినపుడు, జూలై, ఆగస్టు నెలలలో, వ్రేలి లావున కాక మణికట్టు లావున కొమ్మువంటి పిలక గోధుమరంగు తొడుగులతో నేల చీల్చుకొని లేచును. ఆ వారము రోజూ ఉదయము గోడమీద బొగ్గుతో గీత గీసినచో ఎదుగుదల కంటికే తెలియును.

గడలను కొట్టుటకు తొందరపడరాదు. మూడేండ్లు నిండిన గడకే గట్టితనము వచ్చును. ఆ సంవత్సరపు గడను కోసినచో బుట్టకును పనికిరాదు, పొదయు క్రుంగును. ఆ ఏడు లేచిన గడకు సున్నపు గుర్తు పెట్టుట మేదరులు మెచ్చు అలవాటు. ప్లాస్టిక్ తట్టలు వచ్చిన తరువాత వారి చేతిపని బాగుగా తగ్గినది. గిరాకి తగ్గుటతో పాటు గడ దూరమునుండి కొని తెచ్చుకొనవలసి వచ్చుట కూడ అందులకు ఒక కారణము. ఊరిలోనే నాలుగు పెరళ్ళలో పక్వమైన గడ దొరకినచో చేట, బుట్ట అల్లు చేతులకు కూలి మిగులును.

7వ తరగతిలో, పండ్రెండవ ఏట, విత్తిన విద్యార్థికి ఆ పొద పూచునాటికి ముప్పదియేడునుండి ఏబదియేడు ఏండ్ల వరకు వయస్సుండును. నేర్పిన ఉపాధ్యాయుడు అప్పటికి ఉద్యోగ విరమణ చేసి యుండును. పూయబోవు సంవత్సరమును అంచనా వేయుటకు ఉన్న ఆధారమొక్కటే. గింజ ఏ అడవిలో, ఏ ఏట రాలినదను వివరము. ఆ రెండు ముక్కలును బడి దస్త్రములో, మొక్క నాటిన చోటు గుర్తుతో సహా, సిరాతో వ్రాసి యుంచవలెను. దాని క్రిందనే ఇంకొక పంక్తియు చేర్చవలెను: పూత కనబడిన ఏడు గడలన్నియు కొట్టివేయక, కొన్ని పొదలనైనను గింజ రాలునంతవరకు ఉంచి, క్రింద నేల ఊడ్చి, చాప పరచి యుంచవలెనని.